మాస్టర్ ఎంచిన విమానం

ఏటా నవంబరులో పెన్షనర్లం బ్యాంకుకు వెళ్లి, మేమింకా బతికే ఉన్నామని సంతకం పెట్టి రావాలి. మొన్న అదే పని మీద హనుమకొండలో బ్యాంకు వరుసలో నిలబడితే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. మా పాలిటెక్నిక్‌లో అటెండర్‌గా చేసిన మనిషి. మోకాళ్ల నొప్పులూ షుగరూ మాట్లాడుకున్నాక, "మాస్టర్ పోయిండు సార్, ఎర్కనా?" అన్నాడు.

"ఏ మాస్టర్?"

"గదే సార్, ఇమానం పడగొట్టిన మాస్టర్."

పోయి నెల దాటిందట. కాజీపేటలో చర్చి వెనక సమాధి చేశారట. ముసురు పట్టిన రోజు కావడంతో వచ్చినవాళ్లు కూడా తక్కువేనట. ఇంతలో నా వంతు వచ్చింది. కౌంటర్ దగ్గరికి వెళ్లి, నేను బతికే ఉన్నానని సంతకం పెట్టాను.

పాతికేళ్లు పిల్లలకు రంపం పట్టడం నేర్పిన మనిషి. చెక్క నూలుపోగంత తేడా వస్తే ఆ పూట అన్నం సహించని మనిషి. ఆయనకు ఊళ్లో మిగిలిన పేరు ఇది. ఈ పేరు ఊరే పెట్టిందని ఇన్నేళ్లుగా నన్ను నేను నమ్మించుకుంటూ వచ్చాను. ఊరికేం పని? పెట్టింది నేను. తెల్లకాగితం మీద టైపు చేయించి, కింద సంతకం చేసి మరీ పెట్టాను. ఇదేదో నివాళి అనుకుని చదువుతున్నవాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది.

డెబ్బైల మొదట్లో ఫిజిక్స్ చెప్పడానికి నేను ఆ పాలిటెక్నిక్‌లో చేరేనాటికే ఆయన వడ్రంగం షెడ్డులో ఉన్నాడు. పొట్టి మనిషి. ఖాకీ చొక్కా, చెవి మీద బొద్దు పెన్సిల్. ప్రిన్సిపాల్ నుంచి స్వీపర్ దాకా అందరికీ మాస్టరే. ఆయన అసలు పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు.

ఆయనకొక అలవాటుండేది. చేతికి ఏది దొరికినా రెండు చూపుడువేళ్ల మీద పెట్టి, ఎక్కడ ఆనిస్తే అటూ ఇటూ ఒరగకుండా నిలబడుతుందో చూసేవాడు. స్కేలు, సుత్తి, గొడుగు, ఏదైనా సరే. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, పప్పు వడ్డించబోతున్న మా ఆవిడ చేతిలోంచి గరిటె అడిగి తీసుకుని వేళ్ల మీద నిలబెట్టాడు. "చూసిండ్రా అమ్మా, దీని పానం గీడ ఉన్నది" అని ఆ చోటు చూపించాడు. ఆయన వెళ్లిపోయాక మా ఆవిడ నవ్వింది. "మీ మాస్టర్ గరిటెకు కూడా నడుము వెతుకుతడు" అంది.

ఇంకొకటి, అరచేతితో విమానం ఎగరేయడం. కాజీపేట నుంచి వచ్చే బస్సు కోసం నిలబడి ఉండగానే కుడిచెయ్యి మెల్లగా పైకి లేచేది. అరచెయ్యి సమంగా కొంత దూరం పోయి, మెల్లమెల్లగా వెల్లకిలా తిరిగి, అలాగే ఇంకొంత దూరం పోయి, మళ్లీ బోర్లా పడేది. పెదాలు ఏవో లెక్కపెట్టుకుంటూ ఉండేవి. బస్టాపులో ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారు. "పాపం, మంచిగనే ఉంటడు, ఏమైందో" అనుకునేవారు. ఆయనకు వినపడేది. అయినా సరే, మొదలుపెట్టిన పల్టీ పూర్తయ్యేదాకా చెయ్యి దించేవాడు కాదు.

కాలేజీలో ఒక మోడల్ విమానాల క్లబ్బు ఉండేది. పేరుకు నేను ఇన్‌చార్జిని, పని అంతా ఆయనది. అప్పట్లో మా దగ్గరున్నవి రెండు సన్నటి తీగలు కట్టి ఎగరేసే విమానాలు. మధ్యలో మనిషి నిలబడి తీగలు పట్టుకుంటే విమానం చుట్టూ తిరుగుతుంది, దానితో పాటు మనిషీ తిరగాలి. దింపాక ఆయన కళ్లు మూసుకుని కాసేపు నేల మీద కూర్చునేవాడు.

"ఇరవై ఏండ్ల సంది గానుగెద్దు లెక్క తిరుగుతాన సార్," అన్నాడు ఒకసారి అలా కూర్చునే. "ఒక్కపారి సీదా పోవాలె. తీగల్లేకుంట, గీత గీసినట్టు సీదా. జడ్జీల ముందల."

ఆయనకు కావలసింది అంతే. రేడియోతో నడిచే విమానాల పోటీలు దేశంలో ఏడాదికోసారి జరిగేవి. వాటిలో ఒకటి ఖచ్చితమైన విన్యాసాలది. ఎంత వేగం, ఎంత ఎత్తు అని చూడరు. గీత గీతలా ఉందా, సున్నా సున్నాలా ఉందా, పల్టీ మొదలైన ఎత్తులోనే పూర్తయ్యిందా అని చూసి మార్కులేస్తారు. ఆ వరుసలో ఏ విన్యాసం తర్వాత ఏది చేయాలో ఆయనకు నోటికొచ్చు. అరచేతితో ఎగరేసేది అదే.

పంతొమ్మిది వందల ఎనభై దాటాక ఎట్లాగో మా కాలేజీకి పై దేశం నుంచి ఒక రేడియో సెట్టు, ఒక విమానం కిట్టు తెప్పించుకోవడానికి అనుమతి వచ్చింది. ఒకటే. మళ్లీ ఇంకోటి అడిగితే ఢిల్లీ దాకా కాగితాలు తిరిగి వచ్చేసరికి మేమిద్దరం రిటైరవుతాం. అందుకని ఏది తెప్పించాలో ఎంచడానికి ఆయన పది నెలలు తీసుకున్నాడు. పెళ్లిచూపులకు కూడా అంత ఆలోచించి ఉండడు.

ఒక కేటలాగు సంపాదించాం. నాకు మొదట నచ్చింది రెక్క నెత్తి మీదుండే విమానం. కుదురుగా ఎగురుతుందని కింద రాసి ఉంది.

"మంచిదే సార్, నేర్చుకునేటోళ్లకు," అన్నాడు. "అది ఎట్ల తిప్పినా మళ్ల సీదా అయితది. అవ్వ సాటు పిల్ల. మనకు గట్ల వద్దు. మనం తలకిందులు పెడితే తలకిందులే ఉండాలె. పక్కకు పెడితే పక్కకే ఉండాలె. దాని అంతట అది సవరించుకోవద్దు."

తర్వాత పేజీలో యుద్ధవిమానం నమూనా ఉంది. ముక్కు మీద పళ్లు, రెక్కల కింద ఉత్తుత్తి బాంబులు. ఆయన ఆ పేజీని దుమ్ము దులిపినట్టు తిప్పేశాడు. "గిది ఫోటోకు," అన్నాడు.

ఆయన ఆగిన పేజీలో విమానం చూడటానికి ఏమీ బాగాలేదు. పొడుగాటి ఒళ్లు, నడిమధ్యలో రెక్క, సోకు లేదు. నేను పెదవి విరిచాను. ఆయన కేటలాగును తలకిందులు చేసి నా ముందు పెట్టాడు. చక్రాలున్న చోటా అద్దమున్న చోటా బొటనవేళ్లు అడ్డం పెట్టి మూశాడు.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్. ఏది పైన, ఏది కింద?"

చెప్పలేకపోయాను. రెక్క పైన ఎంత ఒంపు ఉందో కింద కూడా అంతే ఉంది.

"నాకు తెల్వలే, మీకు తెల్వలే. దానికి సుత తెల్వద్దు," అన్నాడు. ఆయన మొహంలో అంత వెలుగు నేను అంతకు ముందు చూడలేదు.

అయినా అంతటితో వదల్లేదు. ఆ బొమ్మను కొలతలకు పెంచి అట్టముక్కతో నిండు సైజు ఆకారం కోసి, షెడ్డు దూలానికి తాడుతో వేలాడదీశాడు. మధ్యాహ్నం భోజనాల వేళ దాని కింద గోనెసంచి పరుచుకుని పడుకుని చూసేవాడు. జడ్జీలు కూర్చునేంత దూరం నుంచి పైభాగమేదో కిందిభాగమేదో తెలియాలంటే కింద ఏ రంగెయ్యాలి, పక్కకు ఒరిగించి ఎగరేస్తే ఆ ఒళ్లు మోయగలదా, మన ఎండకు ఆ చెక్క ఒంగుతుందా, ఇవన్నీ నన్నడిగేవాడు. నాకు జవాబు తెలియనప్పుడు సంతోషించేవాడు కూడా. తనే ఆలోచించొచ్చని.

ఎంపిక మీద కమిటీ కూర్చుంది. కమిటీ అంటే మా కరస్పాండెంట్, కాలేజీ నడిపించే పెద్దమనిషి. మిగతావాళ్లం తలూపడానికి. ఆయనకు యుద్ధవిమానమే నచ్చింది. "గిది కదా ఇమానమంటే! చూస్తే భయమైతాంది," అన్నాడు. మాస్టర్‌ని లోపలికి పిలవలేదు. వడ్రంగం ఇన్‌స్ట్రక్టర్‌కు కమిటీలో పనేముంటుంది? బయట బల్ల మీద కూర్చోబెట్టారు.

నా జీవితంలో నేను ధైర్యంగా మాట్లాడింది ఆ రోజే. నాలుగు ఇంగ్లీషు ముక్కలు, రెండు సూత్రాలు కలిపి, ఆ పళ్ల విమానంతో పోటీకి వెళితే కాలేజీ పరువు పోతుందన్నాను. పరువు అనేసరికి కరస్పాండెంట్ వెనక్కి తగ్గాడు. బయటికొచ్చి మాస్టర్‌తో, "మీరు ఎంచిందే" అన్నాను. ఆయన లేచి నిలబడి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరున్నరని ధైర్యం సార్," అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి మీదని అడగకండి.

కిట్టు వచ్చింది, ఎనిమిది నెలలు కట్టాడు. ఆ చెక్క బెండులా తేలిక. దాన్ని గోకిన పొట్టును కూడా కాగితంలో పొట్లం కట్టి తూచేవాడు. అంతా అయ్యాక రెక్కల కింద రెండు పెన్సిలు చుక్కలు పెట్టాడు. ఆ చుక్కల దగ్గర వేళ్లు ఆనిస్తే విమానం అంత పొడుగూ కదలకుండా నిలబడాలి. నిలబడేదాకా బ్యాటరీని గోరంత ముందుకు, గోరంత వెనక్కి జరిపాడు. ప్రిన్సిపాల్ కాలేజీ పేరున్న స్టిక్కర్ తోక మీద అతికించమంటే దండం పెట్టి బతిమాలి ముక్కు దగ్గర వేయించుకున్నాడు.

"తోక కొసన చీమ కూసున్నా ముక్కుకు తెలుస్తది సార్," అని నాకు చెప్పాడు. "తోక బరువైతే ఎగిరేటప్పుడు ఓర్సుకుంటది. దిగేటప్పుడే, జర నిమ్మలమైందంటే ముక్కు లేపి గిర్రున తిరుగుతది. ఇగ ఎవని చేతిల ఉండదు."

నాకు చెప్పాడు. బాగా విన్నాను.

మామునూరులో నిజాం కాలం నాటి పాత రన్‌వే ఉంది. మేకలు మేస్తుండేవి. ఒక ఆదివారం పొద్దున్నే ఆయన, నేను, అటెండరు ముగ్గురమే వెళ్లాం. అటెండరు మేకల్ని తోలాడు. ఆయన రేడియో పెట్టె మెడలో వేసుకుని, కాసేపు కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన చేసుకున్నాడు. విమానం లేచింది. రన్‌వే పొడుగునా మా ముందు నుంచి సమంగా పోయింది. పోతూ పోతూనే మెల్లగా వెల్లకిలా అయ్యింది, అలాగే పోయింది, మళ్లీ బోర్లా అయ్యింది. ఎక్కడా జానెడు పైకి లేవలేదు, జానెడు కిందికి దిగలేదు. బస్టాపులో అరచెయ్యి ఎట్లా పోయేదో అచ్చం అట్లాగే పోయింది. అటెండరు నోరు తెరిచి, "వారీ!" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

దింపాక మాస్టర్ అన్నది, "జర ఎడమకు గుంజుతాంది" అని మాత్రమే.

అట్లా పదకొండు ఆదివారాలు. పోటీలకు ఎంట్రీ పంపాం. జనవరిలో వెళ్లాలి. ఆయన కొత్త ప్యాంటు కుట్టించుకున్నాడు.

ఇక్కడొక పాత సంగతి చెప్పాలి. మా వర్క్‌షాపులో దసరాకు ఆయుధపూజ జరిగేది. లేతుకూ రంపానికీ సుత్తికీ పసుపు, కుంకుమ, పూలదండ. ఒక ఏడు పూజ అయిన మర్నాడు మాస్టర్ చెక్క నునుపు చేసే తన చిత్రికల మీది తడి కుంకుమ గుడ్డతో తుడిచాడు. "ఇనుము తడి మీద ఊకుంటదా సార్? తుప్పు పడతది," అన్నాడు నాతో. ఎవడో ఆ కబురు పైకి మోశాడు. కరస్పాండెంట్ స్టాఫ్ మీటింగులో అందరి ముందూ లేపి నిలబెట్టి, "ఏం మాస్టర్, మా దేవుని బొట్టు నీ చిత్రికకు బరువైందా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేను కూడా పళ్లు కనిపించేంత నవ్వాను. ఆ తర్వాత ఏ పూజ జరిగినా మాస్టర్ ముందు వరుసలో చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఏదీ తుడిచేవాడు కాదు, ఏమీ అనేవాడు కాదు.

పోటీలకు పంపే ముందు విమానానికి పూజ చేసి ప్రారంభించాలన్నాడు కరస్పాండెంట్. కొత్త లారీ కొన్నా, కొత్త మోటారు బిగించినా మనం చేసేదే కదా. ఇప్పటికే పదకొండుసార్లు ఎగిరిందని చెబితే కోపమొస్తుందని ఇద్దరం గప్‌చుప్. మామునూరు రన్‌వే పక్కన షామియానా వేశారు. హైదరాబాదు నుంచి ఒక పెద్దాయన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. పిల్లలు, స్టాఫు, చుట్టుపక్కల జనం, జాతరే.

బొట్లు పెట్టారు. రెక్కలకు దండలు వేసి ఫోటోలు తీసి దండలు తీశారు. మాస్టర్ ముందు వరుసలో చేతులు కట్టుకునే ఉన్నాడు. చివర్లో కరస్పాండెంట్ సంచిలోంచి నల్లదారానికి గుచ్చిన నిమ్మకాయా మిరపకాయలూ తీశాడు. కోడిగుడ్డంత నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు. బండికైతే ముందు కడతాం. దీనికి ముందు పంకా ఉంది. "ఎనుక కట్టు," అన్నాడు అటెండరుతో. "ఇంతమంది చూపు పడతది. దిగేదాక తియ్యొద్దు."

అటెండరు తోకకు కట్టాడు. గట్టిగా మూడు ముళ్లు వేశాడు.

ముఖ్య అతిథి మాట్లాడుతుండగా మాస్టర్ నా పక్కకు వచ్చాడు.

"సార్, తోకకు కట్టిండ్రు."

"చూసిన."

"తీపియ్యుండ్రి సార్. తియ్యనియ్యకుంటే ఒక్క పది నిమిషాలు ఇప్పియ్యుండ్రి. ముక్కుల సీసం ముక్క పెట్టుకుంట, సరిపోతది. నేనడిగితే మాట ఇంకో తీరుగ పోతది. మీరడిగితే పోదు."

నిజమే. నేనడిగితే పోయేది కాదు. గుడి పంతులు గారింటి అల్లుణ్ని, నా మాటకు దేవుడికీ దయ్యానికీ ముడిపెట్టేవాడెవడూ లేడు. "సార్, బరువు తేడా వస్తది, ఊదుబత్తి ఆరేలోపల సరిచేస్తం" అంటే కరస్పాండెంట్ "కానియ్యుండ్రి" అనేవాడే. లేదా విసుక్కునేవాడు. అంతే, విసుక్కునేవాడు. ఆ నెలలో మా డిపార్ట్‌మెంటు హెడ్డు కుర్చీ ఖాళీ అయ్యింది. నాకూ ఇంకొకాయనకూ మధ్య ఊగుతోంది. ఆ విసుగు నా ఖాతాలో పడటం నాకిష్టం లేదు.

"ఒక్క నిమ్మకాయకు ఏమైతది మాస్టర్," అన్నాను. "ఒక రౌండు కొట్టి దింపుండ్రి."

బరువు, దూరం, తక్కెడ అని ఆ వారమే పిల్లలకు పాఠం చెప్పిన లెక్చరర్‌ని నేను. ఆయన నా మొహంలోకి ఒక క్షణం చూశాడు. "సరే సార్," అన్నాడు.

లేవడమే నిట్టనిలువుగా లేచింది. జనం చప్పట్లు కొట్టారు. అది పొగరుతో లేవలేదని, ముక్కు ఆగక లేచిందని అక్కడ ఇద్దరికే తెలుసు. ఆయన దాన్ని పట్టి సమం చేశాడు. ఒక రౌండు సమంగా తిప్పాడు. ఆ రౌండులో ఆయన చూపించిన పనితనం ముందు ఆదివారాల పల్టీలు దిగదుడుపే. బొటనవేళ్లు ఒక్క క్షణం ఆగలేదు. ముక్కు లేవబోయిన ప్రతిసారీ, అది లేవకముందే అదిమాడు. చూసేవాళ్లకు మాత్రం విమానం ఊరికే పోతున్నట్టుంది. "పల్టీ కొట్టియ్యి మాస్టర్!" అని అరిచాడు కరస్పాండెంట్. జనం కూడా అందుకున్నారు. మాస్టర్ వినిపించుకోలేదు. దింపడానికి తిప్పాడు.

దిగుతూ నెమ్మదించింది. తుమ్మచెట్ల మీదికి వచ్చాక ముక్కు పైకి లేచింది. గాలిలో ఆగినట్టయ్యింది. ఒక రెక్క వాలింది. ఒకటిన్నర చుట్టు తిరిగి నేలకు కొట్టుకుంది.

ఆయన పరిగెత్తలేదు. పెట్టె స్విచ్చి ఆపి, మెడలోంచి తీసి, కుర్చీలో జాగ్రత్తగా పెట్టి నడిచి వస్తున్నాడు. నేను పరిగెత్తాను. అందరికంటే ముందు నేనే చేరాను. ముక్కు, రెక్కలు పుల్లలైపోయాయి. తోక మాత్రం చెక్కుచెదరలేదు. నిమ్మకాయ కూడా చెక్కుచెదరలేదు. ఎందుకు చేశానో అప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడు బాగా తెలుసు. దారం తెంపి, నిమ్మకాయా మిరపకాయలూ తుమ్మపొదల్లోకి విసిరేశాను. తిరిగి చూస్తే ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు.

ఆయన వంగి ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికల్లా మాట తయారైంది. "పూజ చేసి ఇచ్చినా పడగొట్టిండంటే, నమ్మకం లేని చెయ్యి గద," అన్నాడు కరస్పాండెంట్. మర్నాటికి అది టీకొట్టు దాకా వెళ్లింది. వారానికి కాజీపేట దాకా వెళ్లింది. ఆయన దేనికి భయపడి నోరు మూసుకున్నాడో అదే వచ్చి ఆయన నెత్తిన పడింది.

పోటీల ఎంట్రీ వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాసింది నేనే. ఆయన్ని షెడ్డులోంచి తీసి స్టోరులో వేశారు. మేకులూ సుద్దముక్కలూ ఇచ్చి రిజిస్టరులో రాసుకునే పని. హెడ్డు కుర్చీ నాకొచ్చింది. ఆ తర్వాత పదేళ్లకు పైగా ఒకే కాంపౌండులో ఉన్నాం. ఎదురైతే "నమస్తే సార్" అనేవాడు. ఆయన కుడిచెయ్యి మళ్లీ ఎప్పుడూ పైకి లేవగా నేను చూడలేదు.

నేను ఎగ్గొట్టాలనుకుంటున్న సంగతి ఇంకొకటి ఉంది. రిపోర్టు.

ప్రమాదం మీద క్లబ్బు ఇన్‌చార్జి రిపోర్టు ఇవ్వాలన్నారు. రాశాను. ఎగరేసిన మనిషి అజాగ్రత్త వల్ల అదుపు తప్పి విమానం కూలిపోయిందని రాశాను. నిమ్మకాయ ఊసు లేదు. ఆయన అడిగిన పది నిమిషాల ఊసు లేదు. అట్లా రాశాక మనసు పీకింది. మొత్తం ఆయన మీదే వేయడం మరీ అన్యాయమనిపించి, కొంత తగ్గిద్దామని చివర ఒక వాక్యం చేర్చాను. ఎంపిక చేసిన విమానం కూడా మన అవసరాలకు తగినది కాదని. అది నా దయ.

ఒప్పుకుంటున్నట్టు కింద ఆయన సంతకం కూడా కావాలన్నారు. స్టోరుకు తీసుకెళ్లాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, బల్ల మీద కాగితం సమంగా పరుచుకుని, వేలు పెట్టి ఒక్కో పదమే చదివాడు. నేను మేకుల డబ్బాల వైపు చూస్తూ నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. "నిమ్మకాయ ఏది సార్?" అంటే చాలు, అక్కడికక్కడే చింపేద్దునని కూడా అనుకున్నాను. అనుకోవడానికేముంది?

చివరి దాకా చదివి చెవి మీది పెన్సిలు తీశాడు. చివరి వాక్యం మీద, స్కేలు లేకుండానే, తిన్నగా ఒక గీత గీశాడు.

"నా పేరు రాసుకుండ్రి సార్, ఏం ఫికర్ లేదు," అన్నాడు. "విమానాన్ని అనకుండ్రి. దాని తప్పేం లేదు."

సంతకం పెట్టి కాగితం నా చేతికిచ్చాడు.

గీత ఉన్న కాగితం పైకి పంపితే బాగుండదని మళ్లీ టైపు చేయించి, మళ్లీ ఆయన సంతకం తీసుకున్నాను. ఆయన కొట్టేసిన వాక్యం తీసేశాను. మిగతా వాక్యాల్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.